రిమ్ము అరిగిపోయింది: స్టీలు రిమ్మా, డిస్కు బ్రేకా?

మీరు అడిగింది ఇదీ: ఆమదాలవలస నుంచి శ్రీకాకుళానికి రోజూ సైకిలు మీద రానూపోనూ పాతిక కిలోమీటర్లు. 26 అంగుళాల చక్రాలు, అల్యూమినియం రిమ్ములు, వి-బ్రేకులు (రిమ్ముని రెండు పక్కల నుంచీ రబ్బర్లతో నొక్కేవి). మూడో వర్షాకాలం గడిచేసరికి వెనక రిమ్ము పక్కగోడ తడిమితే వేలికి గుంట తగులుతోంది. ఒక షాపాయన స్టీలు రిమ్ము వేయిస్తే జన్మలో అరగదన్నారు. ఇంకొకాయన ఈ సైకిలు ఇచ్చేసి డిస్కు బ్రేకులది తీసుకోమన్నారు. ఏది చెయ్యాలి?

రెండూ వద్దు. అదే కొలతలో కొత్త అల్యూమినియం రిమ్ము వేయించి, బ్రేకు రబ్బర్లు మంచివి పెట్టి, వానలో తిరిగొచ్చిన రోజు అయిదు నిమిషాలు చక్రం కడగండి. డిస్కు మంచి బ్రేకే, మీ పాతిక కిలోమీటర్లకి అక్కరకొస్తుంది కూడా. కాకపోతే అది తర్వాతి సైకిలు కొనేటప్పుడు ఆలోచించాల్సిన సంగతి. కారణాలు కింద రాస్తున్నాను. అంతకంటే ముందు, రేపు ఈ చక్రం మీద ఎక్కొచ్చో లేదో తేలాలి.

రిమ్ము బ్రేకు సైకిల్లో బ్రేకు రబ్బరు అరిగినట్టే రిమ్ము పక్కగోడా అరుగుతుంది. టైరుని పట్టి ఉంచేది కూడా ఆ గోడే. 1.95 అంగుళాల టైరులో 40 పీఎస్ఐ గాలి ఉంటే, రిమ్ము అంచు ప్రతి సెంటీమీటరు పొడవునా టైరు బట్ట సుమారు 7 కిలోల బరువంత బలంతో లాగుతూ ఉంటుంది. గోడ పలచబడితే ఆ లాగుడుకి బయటికి విచ్చుకుంటుంది. చాలామంది అనుకున్నట్టు ప్రతిసారీ మెల్లగా వంగుతూ ముందే తెలియజెయ్యదు. ఒక జానెడు మేర చీలి, టైరు బయటికొచ్చి, ట్యూబు పేలి, ఆ చీలిన రేకు బ్రేకులో ఇరుక్కుంటుంది. వెనక చక్రమైతే జారి ఆగుతారు. ముందు చక్రమైతే హ్యాండిలు మీదుగా పడతారు.

చూడాల్సిన పద్ధతి ఇది. ముందు పక్కగోడ మీద తయారీవాళ్ళు పెట్టిన గుర్తు ఉందేమో వెతకండి. కొన్ని రిమ్ములకి చుట్టూ సన్నటి గాడి ఉంటుంది, కొన్నిటికి ఒకటి రెండు చోట్ల చిన్న చుక్క గుంట ఉంటుంది. ఆ గాడి గానీ చుక్క గానీ కనపడకుండా పోయిందంటే రిమ్ము పని అయిపోయింది. ఇంకో రకంలో గుర్తు లోపల దాగి ఉంటుంది, గోడ అరిగాక చిన్న బెజ్జంలా బయటపడుతుంది. చవక రిమ్ములకి ఏ గుర్తూ ఉండదు. అప్పుడు స్టీలు స్కేలు అంచుని గోడ మీద నిలువుగా, టైరు వైపు నుంచి హబ్బు (చక్రం మధ్య భాగం) వైపుకి ఆనించి వెనక నుంచి వెలుతురు చూడండి. మధ్యలో వెలుతురు సందు ఉంటే అదే అరుగుదల.

సందు కనపడితే మందం కొలవాలి. గాలి పూర్తిగా తీసి టైరు ఒక పక్క విప్పండి. వెర్నియర్ (మందం కొలిచే పరికరం) నేరుగా పెడితే తప్పు కొలత వస్తుంది, ఎందుకంటే అంచు కొసన లోపలికి వంగిన పెదవి ఉంటుంది, వెర్నియర్ ఆ మందం చూపిస్తుంది. పాత చక్రపు పుల్ల (స్పోకు) ఒకటి రెండు ముక్కలుగా కత్తిరించి, ఒక ముక్క బయట గుంటలో, ఇంకోటి లోపల పెదవి కింద సరిగ్గా దానికి ఎదురుగా పెట్టి, రెండింటినీ కలిపి కొలవండి. అందులోంచి రెండు పుల్లల మందం తీసెయ్యండి. 14 గేజి పుల్ల 2 మిల్లీమీటర్లుంటుంది. మీ పుల్ల ఎంతుందో విడిగా కొలుచుకోండి, మన దగ్గర 13 గేజివి కూడా వాడతారు. చక్రం చుట్టూ ఆరు చోట్ల, రెండు పక్కలా చూడండి. వాల్వు బెజ్జానికి ఎదురుగా రిమ్ము అతుకు ఉంటుంది, అక్కడ తప్పకుండా కొలవండి.

కొత్త రిమ్ము గోడ సాధారణంగా ఒకటిన్నర మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటుంది. ఎక్కడైనా 1 మి.మీ.కి దిగితే కొత్తది తెప్పించుకోండి. 0.8కి వస్తే ఆ చక్రానికి మళ్ళీ గాలి కొట్టొద్దు. సన్నటి పగులు గీత కనపడినా, ఒకచోట గోడ ఉబ్బినట్టున్నా, బ్రేకు పట్టినప్పుడు ప్రతి చుట్టులోనూ అదే చోట లివరు వేళ్ళని తోస్తున్నా కొలతలతో పని లేదు, అక్కడికక్కడే గాలి తీసేసి నడిపించుకు వెళ్ళండి. ముందు చక్రం కూడా ఈ పూటే చూడండి. మీరు వెనకది మాత్రమే రాశారు.

ఇక ఎందుకు అరిగింది అన్నది. రబ్బరు అల్యూమినియాన్ని అంతగా అరగదీయదు. అరగదీసేది మధ్యలో చేరిన ఇసుక. మన ప్రాంతంలో ఆ ఇసుక మామూలుది కాదు. తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండే రాయి ఖొండలైటు, ఖోండుల పేరు మీద వచ్చిన పేరే. అందులో ముఖ్యంగా ఉండేవి క్వార్ట్జు, గార్నెట్, సిల్లిమనైటు. అది చివికి ఎర్రమట్టి అవుతుంది, వానకి రోడ్డెక్కుతుంది. కళింగపట్నం, భావనపాడు తీరాన అల వెనక్కి వెళ్ళాక ఇసుక మీద మిగిలే నలుపు, ఎరుపు చారల్లో ఎర్రటివి గార్నెట్ గింజలే. కాఠిన్యం కొలిచే మోస్ స్కేలు మీద క్వార్ట్జు 7, గార్నెట్ 6.5 నుంచి 7.5, అల్యూమినియం 3 దగ్గర. వడ్రంగులు వాడే ఉప్పుకాగితంలో గార్నెట్ పొడి అంటించినది ఒక రకం. వాన రోజున మీ బ్రేకు రబ్బరు సరిగ్గా ఆ ఉప్పుకాగితంగా మారుతుంది. టెక్కలి వైపు గ్రానైటు లారీలు తిరిగే రోడ్ల మీదయితే రాతి పొడి కూడా తోడవుతుంది.

ఎండాకాలంలో ఈ ఇసుక రిమ్ముకి అంటుకోదు, రాలిపోతుంది. తడిలోనే అంటుకుంటుంది. వానలో బ్రేకు పట్టినప్పుడు రిమ్ము మీంచి కారే నల్లటి నీళ్ళు మురికి అనుకుంటారు. అందులో రబ్బరుతో పాటు మీ రిమ్ము అల్యూమినియం కూడా ఉంది. ఆ గీరుడులో లేచిన అల్యూమినియం తునకలు రబ్బరులో గుచ్చుకుని కూర్చుంటాయి. వాటి పైన గట్టి ఆక్సైడు పొర పడుతుంది. అక్కడి నుంచి ఇసుక లేకపోయినా ఆ తునకలే రిమ్ముని చెక్కుతాయి. మూడు వర్షాకాలాల్లో గుంట పడడానికి ఇది చాలు.

వెనకదే ముందు అరగడానికి ఇంకో కారణం అలవాటు. ముందు బ్రేకు పడితే బోల్తా పడతామన్న భయంతో చాలామంది వెనకదే, అదీ మెల్లగా ఒరిపిస్తూ చాలా దూరం పడతారు. బ్రేకు పట్టగానే బరువు ముందు చక్రం మీదకి పోతుంది, అందుకే సైకిల్ని ఆపే శక్తి ఎక్కువభాగం ముందు బ్రేకుదే. రెండూ కలిపి, కొంచెం ముందే, తక్కువ దూరంలో గట్టిగా పట్టి వదిలెయ్యడం రిమ్ముకీ మంచిది, మీకూ మంచిది. తడి రోడ్డు మీద, మలుపులో చక్రం వాలి ఉన్నప్పుడు మాత్రం ముందుది గట్టిగా నొక్కొద్దు.

రబ్బర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రిమ్ము ఆయుష్షు సగం ఇక్కడే ఉంది. చవక రబ్బర్లు ఎండకి గట్టిపడతాయి. గోరుతో నొక్కితే దిగనిది వానలో పట్టదు, పట్టడం లేదని మీరు ఇంకా గట్టిగా నొక్కుతారు, ఇసుక ఇంకా లోతుగా దిగుతుంది. ఐరన్ ఆక్సైడు కలిపిన ఇటుకరంగు రబ్బర్లు తడిలో బాగా పడతాయి, అల్యూమినియం తునకల్ని తక్కువగా పట్టుకుంటాయి. కూల్ స్టాప్ వాళ్ళ సాల్మన్ రంగువి ఈ రకంలో పేరున్నవి, తెప్పించుకోవాల్సి రావచ్చు. అవి దొరక్కపోతే వి-బ్రేకుకి సరిపోయే 70 మి.మీ. పొడవు మెత్తటి రబ్బర్లు ఏవైనా ఫరవాలేదు, ఏడాదికోసారి అరిగినా అరక్కపోయినా మార్చండి. రబ్బరు ఖరీదుకీ రిమ్ము ఖరీదుకీ పొంతన లేదు.

బిగించడంలో జరిగే తప్పులు మూడు. రబ్బరు పైకి ఉంటే టైరుని కోస్తుంది, కొన్ని వారాల్లో టైరు పక్క చిరిగి ట్యూబు బయటికొస్తుంది. కిందికి జారి ఉంటే రిమ్ము అంచు దాటిన భాగం అరగక పెదవిలా మిగిలి, ఒకరోజు రిమ్ము కింద ఇరుక్కుంటుంది. పై అంచు టైరుకి ఒక మిల్లీమీటరు కిందుండాలి, అంతే. మూడోది రబ్బరు సమంగా ఆనడం. చక్రం తిరిగే దిక్కులో ముందు కొస ముందుగా తగలాలి, వెనక కొస అర మిల్లీమీటరు ఎడంగా ఉండాలి. వెనక కొస కింద విజిటింగ్ కార్డు మడిచి పెట్టి, లివరు నొక్కి పట్టుకుని, 5 మి.మీ. అల్లెన్ కీతో బిగిస్తే ఆ ఎడం దానంతటదే వస్తుంది. కీచుమనే శబ్దం చాలావరకు దీంతోనే పోతుంది. వదిలినప్పుడు రిమ్ముకి రెండు పక్కలా ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు సందు ఉంటే చాలు. ఒక పక్క రాసుకుంటుంటే, బ్రేకు చేతి కింద ఉన్న చిన్న స్క్రూ ఆ పక్క పావు చుట్టు బిగించండి, స్ప్రింగు బలం పెరిగి ఆ చెయ్యి వెనక్కి జరుగుతుంది. చక్రమే వంకరగా ఉంటే స్క్రూతో సరిపెట్టొద్దు, బెండు తీయించండి.

స్టీలు రిమ్ము అరగదన్నది దాదాపు నిజమే. కానీ అది మీకు సరిపడదు. క్రోమియం పూత ఉన్న నున్నటి స్టీలు మీద తడి రబ్బరు జారుతుంది. అల్యూమినియం రిమ్ము వానలో మొదట ఒకటి రెండు చుట్లు నీళ్ళు తుడుచుకుని పట్టు అందుకుంటుంది. 26 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే రెండు మీటర్లు దాటి ముందుకు పోతుంది కాబట్టి ఆ నాలుగు మీటర్లు లెక్కలో పెట్టుకుని నడపాలి. స్టీలు మీదయితే తుడుచుకున్నాక కూడా పట్టు సగం కూడా ఉండదు. పాత 28 అంగుళాల సైకిళ్ళ సంగతి వేరు. వాటి కడ్డీ బ్రేకు రబ్బర్లు రిమ్ము పక్కన పడవు, హబ్బు వైపు ఉన్న లోపలి ముఖం మీద పడతాయి. పక్కగోడ అరిగే ప్రశ్నే లేదు, చక్రం కాస్త వంకరున్నా పట్టించుకోవు. ధాన్యం బస్తాలు, పాల క్యాన్లు మోసినా నెమ్మదిగా పోయే సైకిలు కాబట్టి ఆ బ్రేకుతో నెట్టుకొచ్చారు. అయినా వానలో అవీ ఆగవు, తొక్కేవాళ్ళకి తెలుసు. హైవే దాటి ఊళ్ళోకి వచ్చే మనిషికి అరగని రిమ్ము కంటే ఆగే సైకిలు ముఖ్యం.

డిస్కు విషయం. దాని అసలు గొప్ప ఏంటంటే అరిగేది రిమ్ము కాదు, రోటరు (హబ్బుకి బిగించిన లోహపు పళ్ళెం). రోడ్డు నీళ్ళకి దూరంగా హబ్బు దగ్గర ఉంటుంది, వానలో వెంటనే పడుతుంది, చక్రం కాస్త వంకరైనా బ్రేకు చెడదు. కొత్త ప్రయాణం మొదలుపెట్టేవాళ్ళకి, ముఖ్యంగా జూన్ నుంచి నవంబరు దాకా ఆపకుండా తొక్కేవాళ్ళకి నేను డిస్కే చెబుతాను. మీ సైకిలుకి మాత్రం మార్చలేరు. ఫోర్కుకీ వెనక ఫ్రేముకీ కాలిపర్ (రోటరుని పట్టే బ్రేకు భాగం) బిగించే చెవులు ఉండాలి, హబ్బుకి రోటరు బిగించే ఏర్పాటు ఉండాలి. అవి లేని ఫోర్కుకి చెవి వెల్డింగు చేయించి బిగిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. డిస్కు బ్రేకు బలమంతా ఫోర్కు ఒక్క కాలి మీద, కింది భాగంలో పడుతుంది. రిమ్ము బ్రేకుకి తయారైన ఫోర్కు కాలు దానికి నిలవదు, వెల్డింగు వేడికి ఆ గొట్టం ఇంకా బలహీనపడుతుంది.

డిస్కు సైకిలు కొనేటప్పుడు చవక రకం డబుల్ డిస్కు (ముందూ వెనకా డిస్కు) చూసి మోసపోవద్దు. వాటిలో కేబులు లాగితే ఒక పక్క ప్యాడ్ (రోటరుని నొక్కే బిళ్ళ) మాత్రమే కదిలి రోటరుని రెండో ప్యాడ్ మీదకి వంచుతుంది. కదలని ప్యాడ్‌ని రోటరుకి అంటీ అంటనట్టు, కాగితం మందం సందుతో మీరే పెట్టుకోవాలి, అరిగేకొద్దీ మళ్ళీ సరిచెయ్యాలి. అది చెయ్యకే "డిస్కు పట్టడం లేదు" అంటారు. మంచి వి-బ్రేకు అలాంటి డిస్కు కంటే నయం. హైడ్రాలిక్ (కేబులు బదులు నూనె ఒత్తిడితో పనిచేసేది) అయితే ఈ బాధ లేదు, ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు తామే ముందుకొస్తాయి. అయితే షిమానో కంపెనీ బ్రేకుల్లో మినరల్ ఆయిలే పొయ్యాలి. బైకుల డాట్ ఆయిల్ పోస్తే లోపలి సీళ్ళు ఉబ్బి బ్రేకు మొత్తం పోతుంది, ఈ పొరపాటు మోటారు మెకానిక్కుల దగ్గర జరుగుతుంది. ఎక్కించిన రోజే సీసా మీద పేరు చూసుకోండి.

డిస్కులోనూ ఇసుక ఊరుకోదు. మెత్తటి రెసిన్ ప్యాడ్లు బురదలో చాలా త్వరగా అరుగుతాయి, లోహప్పొడి ప్యాడ్లు ఎక్కువ మన్నుతాయి కానీ చప్పుడు చేస్తాయి. రోటరు మీద రెసిన్ ప్యాడ్లకే అని రాసి ఉంటే లోహంవి వెయ్యకూడదు, మెత్తటి రోటరుని తినేస్తాయి. షిమానో రోటరు కొత్తది 1.8 మి.మీ., 1.5కి దిగితే మార్చాలి. ప్యాడ్ మీద పదార్థం అర మిల్లీమీటరు మిగిలితే మార్చాలి. సముద్రానికి దగ్గర ఊళ్ళలో ఉప్పుగాలికి కేబులు, కాలిపర్ లోపలి భాగాలు బిగుసుకుపోతాయి, వాడకుండా నెల పెడితే మరీను. ప్యాడ్ల ఆకారాలు డజన్లకొద్దీ ఉన్నాయి. కొనే ముందు ఆ ఆకారం ప్యాడ్ మీ ఊళ్ళోనో విజయనగరంలోనో దొరుకుతుందా అని అడిగి, ఒక జత అదనంగా కొని ఇంట్లో పెట్టుకోండి.

ఘాటు రోడ్డు గురించి మీరు అడగలేదు, కానీ ఎస్.కోట మీదుగా అరకు వెళ్ళొచ్చే సైకిలువాళ్ళు ఈ జిల్లాల్లో పెరిగారు కాబట్టి రెండు మాటలు. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలుంటే వంద మీటర్ల ఎత్తు దిగేసరికి సుమారు 83 కిలోజౌళ్ళ శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. అదంతా ఒక్కొక్కటి అర కిలో బరువున్న రెండు రిమ్ముల్లోకే పోతే, గాలి చల్లార్చకపోతే, వేడి 90 డిగ్రీలు పెరుగుతుంది. నిజంగా చాలా వేడి గాలికి పోతుంది, అయినా బ్రేకు వదలకుండా పట్టుకుని మెల్లగా దిగితే ట్యూబు అంటుకున్న రిమ్ టేపు మెత్తబడి పుల్లల బెజ్జాల్లోకి దిగబడుతుంది, ట్యూబు పేలుతుంది. అరిగిన రిమ్ముతో ఆ దిగుడు దిగకూడదు. మలుపు ముందు గట్టిగా పట్టి, మలుపు దాటాక వదిలెయ్యాలి, మధ్యలో ఆగి రిమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూసుకోవాలి. రబ్బరు రిమ్ టేపు తీసేసి గుడ్డ టేపు వేసుకుంటే మంచిది.

రిమ్ము మార్పిడికి షాపుకి వెళ్ళేటప్పుడు ఇవి చూసుకోండి. టైరు మీద 559 అని ముగిసే అంకె ఉంటుంది, కొత్త రిమ్ము కూడా 559 అయి ఉండాలి. ఒక్క "26 అంగుళాలు" అంటే సరిపోదు, ఆ పేరుతో వేరే వ్యాసాలవి కూడా ఉన్నాయి. పుల్లలు లెక్కపెట్టండి, 36 అయితే 36 బెజ్జాలదే కావాలి. రెండు గోడల రిమ్ము తీసుకోండి, పక్కన యంత్రంతో చదును చేసి, అరుగుదల గుర్తు ఉన్నదైతే మరీ మంచిది. పాత పుల్లలే వాడాలంటే నిపిల్ (పుల్ల కొసని రిమ్ముకి బిగించే చిన్న నట్టు) కూర్చునే చోట్ల మధ్య వ్యాసం పాతదానికీ కొత్తదానికీ రెండు మూడు మిల్లీమీటర్ల తేడాలో ఉండాలి. అంతకు మించితే పుల్ల నిపిల్లో చాలినంత మర దిగదు, లేదా పొడవెక్కువై ట్యూబుని గుచ్చుతుంది.

తేడా లేకపోతే పని సులువు. పుల్లలన్నీ సమంగా వదులు చేసి, కొత్త రిమ్ముని పాతదాని పక్కన వాల్వు బెజ్జాలు ఎదురెదురుగా వచ్చేలా పెట్టి నాలుగు చోట్ల టేపుతో కట్టి, ఒక్కొక్క పుల్లా పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి మార్చుకుంటూ పోవాలి. అల్లిక చెడదు. నిపిళ్ళు ముందురోజు రాత్రే నూనె చుక్క వేసి నానబెట్టండి, తిరగకపోతే గుండ్రమైపోతాయి. ఉప్పుగాలికి పుల్లల మీద తుప్పు గుంటలు పడి ఉంటే మొహమాటపడకుండా కొత్త పుల్లలు వేయించండి, పాతవి ఒకటొకటే హబ్బు మెడ దగ్గర తెగుతూ ప్రతి నెలా షాపుకి తిప్పుతాయి. బిగించాక ఓ వంద కిలోమీటర్లు తొక్కి మళ్ళీ ఒకసారి బెండు చూపించండి, కొత్త చక్రం పుల్లలు సర్దుకుని కొన్ని వదులవుతాయి. ఈ రెండోసారి చూపించడం మానేసినవాళ్ళ చక్రాలే ఆరు నెలల్లో వంకరపోతాయి.

వాన రోజు ఇంటికి రాగానే మగ్గుతో నీళ్ళు రిమ్ము రెండు పక్కలా పోసి, గిన్నెలు తోమే సబ్బు చుక్క వేసిన గుడ్డతో చుట్టూ తుడవండి. వారానికోసారి చక్రం విప్పి రబ్బర్ల ముఖం చూడండి. మెరిసే తునకలు కనపడితే సూది మొనతో పీకెయ్యండి, ముఖం అద్దంలా మెరుస్తుంటే ఉప్పుకాగితం మీద నాలుగుసార్లు రుద్దండి. చెయ్యకూడనిది ఒకటుంది: సర్వీసుకి ఇచ్చినప్పుడు చైనుతో పాటు రిమ్ముని కూడా కిరసనాయిలుతోనో డీజిలుతోనో తుడిచి మెరిపిస్తారు. ఆ జిడ్డు రబ్బరులోకి ఇంకితే పట్టు పోతుంది, రబ్బర్లు మార్చడం తప్ప దారి ఉండదు. రిమ్ముకి నూనె తగలనివ్వొద్దని ముందే చెప్పండి. ఇప్పటికే తగిలి ఉంటే మందుల షాపులో దొరికే స్పిరిటుతో రెండుసార్లు తుడవండి.

కొత్త రిమ్ము వేసిన రోజే, టైరు ఎక్కించక ముందు, పుల్ల ముక్కల పద్ధతిలోనే గోడ మందం కొలిచి తేదీతో సహా రిమ్ టేపు మీద మార్కరుతో రాసిపెట్టండి. మళ్ళీ జూన్‌లో వానలు మొదలవకముందు ఒకసారి, డిసెంబరులో ఒకసారి కొలవండి. అలా ఒక్క వర్షాకాలానికి ఎంత అరుగుతోందో అంకె చేతిలో ఉంటే, తర్వాతి రిమ్ము ఎప్పుడు కావాలో మీరే చెప్పగలరు.